దూడకు తామర, మనిషికి తామర: ఒకేరోజు మందు మొదలుపెట్టాలి

కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో గొడ్ల కొట్టం ఇంటి గోడను ఆనుకునే ఉంటుంది. చలికాలం వస్తే లేగదూడను వసారాలోకే తెచ్చి కట్టేస్తాం. దానికి కుడితి పెట్టేది, మెడ కింద గోకేది పిల్లలు. పాలు పితికేటప్పుడు దూడను పక్కకు లాగి పట్టుకునేది ఇల్లాలు. ఇంత దగ్గరగా మెలిగే చోట కొట్టంలో పుట్టిన చర్మరోగం గడప దాటడానికి ఎక్కువ కాలం పట్టదు. అలా దాటే రోగాల్లో ముందు చెప్పుకోవలసింది తామర.

తామరతో ప్రాణం పోదు. అందుకే మనం దాన్ని లెక్కచేయం. "ఎండకాలం వస్తే అదే పోతాది లే" అని దూడను వదిలేస్తాం. మనిషికి వస్తే మెడికల్ షాపుకు పోయి ఒక ట్యూబు తెచ్చి పూస్తాం. పదిరోజులకు తగ్గినట్టు కనిపిస్తుంది, నెల తిరగకముందే రెండింతలై మళ్ళీ వస్తుంది. ఇంకో ట్యూబు, ఆపైన ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ అంటుకుని, కూలి డబ్బులు షాపుకే పోతుంటాయి. ఎందుకిలా జరుగుతోంది? దీన్ని ఎక్కడ తెంచాలి? ఈవారం పాఠం అదే.

తామర అంటే పురుగు కాదు, బూజు

"చర్మంలో పురుగు చేరింది" అని పెద్దలు అంటుంటారు. ఇంగ్లీషులో కూడా దీనికి పురుగు పేరే పెట్టారు. నిజానికి ఇందులో పురుగు ఏదీ లేదు. తడి చొప్ప మీద, పాత పచ్చడి మీద పట్టే బూజు జాతికి చెందినదే ఈ శిలీంధ్రం. 1840ల్లో పారిస్‌లో పనిచేసిన డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు పిల్లల తలమీది పొక్కులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ఈ జాతి రోగాలకు బూజే కారణమని తేల్చాడు.

ఈ బూజుకు ఆహారం కెరటిన్ అనే పదార్థం. చర్మం పైపొర, వెంట్రుక, గోరు, కొమ్ము, గిట్ట అన్నీ దానితో తయారైనవే. అందుకే తామర రక్తంలోకి, లోపలి అవయవాల్లోకి సాధారణంగా పోదు. పైపైనే మేస్తూ అంచులవైపు పాకుతుంది. మధ్యలో శరీరం దాన్ని తరిమికొడుతుంది, అంచుల్లో అది ముందుకు పోతూనే ఉంటుంది. మచ్చ గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ తేటగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ బూజుల్లో చాలా రకాలున్నాయి. కొన్ని మనుషుల్లోనే బతుకుతాయి. కొన్ని పశువులను, కుక్కలను, పిల్లులను ఆశ్రయిస్తాయి. మరికొన్ని నేలలో ఉంటాయి. పశువుల్లో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ వెర్రుకోసమ్. కుక్కపిల్లలు, పిల్లికూనల నుంచి పిల్లలకు అంటుకునేది మైక్రోస్పోరమ్ కేనిస్. ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర లేదు. పశువుల బూజు మనిషికి ఎక్కగలదన్న మాట గుర్తుంటే చాలు.

దూడల్లో ఎలా గుర్తించాలి?

తామర ముసలి ఎద్దుకంటే దూడకు ఎక్కువగా వస్తుంది. ఒకసారి వచ్చి తగ్గిన పశువుకు చాలామటుకు మళ్ళీ రాదు. అందుకే ఏటా కొత్తగా పుట్టిన దూడలే దీనికి దొరుకుతాయి. తామర తగిలిన 1 నుంచి 4 వారాలకు మచ్చలు తేలతాయి. ముందు కంటి చుట్టూ, చెవుల మీద, ముఖం మీద, మెడ మీద వెంట్రుకలు రాలి గుండ్రని మచ్చలు వస్తాయి. వాటి మీద బూడిదరంగు పెచ్చులు మందంగా కడతాయి. పిండి తడిపి అతికించినట్టు ఉంటాయి. పెచ్చు ఊడదీస్తే కింద చర్మం ఎర్రగా, చెమ్మగా కనిపిస్తుంది.

చలికాలంలో దూడలన్నీ చీకటి కొట్టంలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పచ్చిమేత ఉండదు, ఒంటికి ఎండ తగలదు. అప్పుడు ఒక దూడకు వస్తే అన్నిటికీ పాకుతుంది. తిండి చాలని దూడకు, కడుపులో పాములున్న దూడకు మరీ ఎక్కువ. గట్టిగా ఉన్న దూడకు 2 నుంచి 4 నెలల్లో దానంతట అదే తగ్గిపోవచ్చు. కానీ ఆ నాలుగు నెలలూ అది కొట్టమంతా బూజు విత్తనాలు చల్లుతూనే ఉంటుంది. "అదే పోతాది లే" అనుకోవడంలో ఉన్న నష్టం ఇదే. దూడకు పోయేలోగా ఇంటికి వస్తుంది.

సంతకు తోలుకుపోతే ఒంటిమీద మచ్చలున్న పెయ్యను చూపించి కొనేవాడు ధర తెగ్గొడతాడు. చర్మం కూడా మచ్చపడి విలువ తగ్గుతుంది.

వేరే రోగాలతో పొరబడవద్దు

పశువు చర్మం మీద కనిపించేదంతా తామర కాదు. ఈ తేడాలు గమనించండి.

గజ్జి: చాలా చిన్న పురుగుల వల్ల వస్తుంది. పశువు గోడకు, గుంజకు ఒళ్ళు రుద్దుకుంటూనే ఉంటుంది. చర్మం ముడతలు పడుతుంది. తామరలో దురద ఇంత ఉండదు. గజ్జికిచ్చే మందు తామరకు పనిచేయదు.

ముద్దచర్మం: 2022లో దేశమంతా గొడ్లను పీడించిన లంపీ స్కిన్ ఇది. వైరస్ వల్ల వస్తుంది. జ్వరం ఉంటుంది, ఒళ్ళంతా గట్టి గడ్డలు తేలతాయి, పశువు మేత మానుతుంది. తామరలో జ్వరం రాదు, మేత ఆగదు.

పులిపిర్లు: చర్మంలోంచి పొడుచుకువచ్చే కాయలు. ఇవి కూడా వైరస్ వల్లనే.

అనుమానంగా ఉంటే పశువైద్యుడికి చూపించండి. మచ్చ అంచున ఉన్న వెంట్రుకలు, పెచ్చులు గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు, విత్తనాలు కనిపిస్తాయి. మనుషులకూ ఇదే పరీక్ష చేస్తారు.

మచ్చ ఎక్కడుందో చూస్తే ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది

ఇంట్లో ఎవరికైనా తామర వస్తే ముందు అది ఒంట్లో ఏ భాగాన ఉందో చూడండి.

ముంజేతి మీద, మణికట్టు మీద, మెడ పక్కన, గడ్డం మీద వస్తే గొడ్డునుంచి వచ్చిందని అనుమానించాలి. దూడను పట్టుకునేటప్పుడు, పాలు పితుకుతూ ఆవు డొక్కకు తల ఆనించినప్పుడు తగిలే చోట్లు ఇవే. పశువుల బూజు మన ఒంటికి కొత్త కాబట్టి శరీరం గట్టిగా ఎదురుతిరుగుతుంది. అందుకే మచ్చ బాగా ఎర్రబడి, ఉబ్బి, చీము పొక్కులు కూడా వస్తాయి. పిల్లల తలమీద వస్తే మెత్తని గడ్డలాగా లేచి, చీము కారి, వెంట్రుకలు ఊడిపోతాయి. దాన్ని సెగగడ్డ అనుకుని కోయించకూడదు.

గజ్జల్లో, తొడల్లో, నడుం చుట్టూ, పిరుదుల మీద, రొమ్ముల కింద వస్తే దూడను తిట్టి లాభం లేదు. అది ఎక్కువగా మనిషి నుంచి మనిషికి వచ్చేది. ఒకే తువ్వాలు, ఒకే పక్కబట్ట, ఒకే సబ్బు, ఆరీ ఆరని లోబట్టల ద్వారా పాకుతుంది. పత్తి తీసేటప్పుడు, వేరుశనగ పీకేటప్పుడు, ఉల్లి నాటేటప్పుడు పొద్దుపొడిచింది మొదలు వంగి పనిచేసేవాళ్ళకు ఆ మడతల్లో చెమట ఆరనే ఆరదు. బూజుకు కావలసిందే అది.

ఇంకొక మాట. మచ్చ తెల్లబారి లేక రాగిరంగులో ఉండి, దురద లేకుండా, పుల్లతో తాకినా తెలియకపోతే అది తామర కాకపోవచ్చు. కుష్ఠు అయ్యే అవకాశముంది. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం. తొందరగా పోతే పూర్తిగా నయమవుతుంది.

ట్యూబులో ఉన్నదేమిటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. షాపులో "తామరకు ఏదన్నా ఇవ్వన్నా" అంటే చాలాచోట్ల ఇచ్చేది మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు. అందులో బూజును చంపే మందు కొంచెం ఉంటుంది. దానికి తోడు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ చేసే పని ఒంటి ఎదురుదాడిని ఆపడం. పూసిన రెండు రోజులకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. మనం "బలే మందు" అనుకుంటాం. కానీ కావలివాణ్ణి నిద్రపుచ్చి దొంగకు తలుపు తీసినట్టయింది. బూజు అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. ఆపగానే మంటలాగా లేస్తుంది. మళ్ళీ పూస్తాం. కొన్ని నెలలకు ఆ చోట చర్మం పలచబడి, కడుపుతో ఉన్నవాళ్ళకు పొట్టమీద వచ్చేటట్టు చారలు పడతాయి. ఆ చారలు మళ్ళీ పోవు.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో పేర్లుంటాయి. చదువుకునే పిల్లల చేత చదివించండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, డెక్సామెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. తామరకు దాన్ని సొంతంగా పూయవద్దు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా ఇవ్వబోతే వద్దనే హక్కు మీకుంది.

మందులు ఇలా ఇష్టంవచ్చినట్టు వాడినందుకు దేశమంతా ఫలితం అనుభవిస్తోంది. ఒకప్పుడు 2 వారాల్లో తగ్గే తామర గత పదేళ్ళకు పైగా మొండికేసింది. జపాన్‌లో ఉంటున్న ఒక భారతీయుడు, ఒక నేపాలీ చర్మం నుంచి తీసిన బూజును పరీక్షించి, అది కొత్త రకమని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది చూడండి. తామరకు అందరూ నమ్ముకున్న టెర్బినాఫిన్ అనే మందు దీని మీద చాలాసార్లు పనిచేయడం లేదు. 2023లో అమెరికా వైద్యాధికారులు తమ దేశంలోనూ తొలి కేసులు ప్రకటించారు. ఇది ముఖ్యంగా మనిషినుంచి మనిషికి పాకేది. పక్కింటివాళ్ళకు తగ్గిన మందు మీకు తగ్గకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అందుకని 2 వారాలు పూసినా తగ్గకపోతే, ఒంట్లో రెండు మూడు చోట్లకు పాకితే, తలకో గోళ్ళకో వస్తే షాపు దగ్గర ఆగవద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మరోగ విభాగం ఉంది. అక్కడికి పోయేటప్పుడు అంతవరకు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టరు ముందు పెట్టండి. ఇంట్లో గొడ్లకు తామర ఉంటే ఆ మాట కూడా చెప్పండి. మాత్రలు రాస్తే చెప్పినన్ని వారాలు మింగాలి. ఇప్పుడు 4 వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతోంది. దురద పోయిన రోజే మందు మానితే మళ్ళీ మొదటికే వస్తుంది. గర్భిణులు, కాలేయ జబ్బున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆడపిల్లలు ఈ రోగాన్ని తల్లికి కూడా చెప్పకుండా దాచుకుంటారు. చాటుగా తెప్పించుకున్న ట్యూబుతోనే నెట్టుకొస్తారు. ఇది సిగ్గుపడే రోగం కాదు, చెమట చేసే రోగం. తల్లులే అడిగి తెలుసుకోవాలి.

దూడకు వైద్యం

1958లో గ్లాస్గోలో జెంటిల్స్ అనే శాస్త్రజ్ఞుడు గ్రిసియోఫల్విన్ అనే మందును తామర సోకిన గినీ పందులకు తినిపించి నయం చేశాడు. ఆ ఏడాదే దాన్ని దూడలకూ, మనుషులకూ వాడి చూశారు. మందు కూడా పశువు దగ్గరనుంచే మనిషికి వచ్చింది. చూలు పశువుకు మాత్రం ఈ మందు ఇవ్వరాదు. ఖర్చు కూడా ఎక్కువ. కాబట్టి తినిపించే మందు సంగతి పశువైద్యుడే నిర్ణయించాలి. మన చేతిలో ఉన్న పని ఇది:

1. తామర ఉన్న దూడను వేరుగా, ఎండ తగిలే చోట కట్టాలి. దాని పలుపు, నీళ్ళ తొట్టి, ఒళ్ళు తోమే పీచు వేరుగా ఉంచాలి.

2. చేతులకు తొడుగులు గానీ ప్లాస్టిక్ కవర్లు గానీ వేసుకుని, గోరువెచ్చని సబ్బునీళ్ళతో పెచ్చులు నానబెట్టి మెల్లగా తీయాలి. రక్తం వచ్చేటట్టు గీకవద్దు. పెచ్చులను కాగితం మీద పట్టి కాల్చేయాలి. పేడకుప్పలో వేయవద్దు.

3. ఆరిన తర్వాత పశువైద్యుడు చెప్పిన పూతమందు పూయాలి. క్లోట్రిమజోల్, మైకొనజోల్ వంటి పూతలు, అయోడిన్, గంధకం-సున్నం ద్రావణం వాడతారు. మచ్చ దాటి అంగుళం మేర పూయాలి. కంటి దగ్గర అయోడిన్ పూయవద్దు.

4. మచ్చమీద వెంట్రుకలు మొలిచేవరకు మానవద్దు.

5. పచ్చిమేత, ఖనిజ మిశ్రమం పెట్టాలి. పాముల మందు తాగించాలి. రోజూ ఎండలో తిప్పాలి.

పాత ఇంజనాయిలు, బ్యాటరీ నీళ్ళు, కిరసనాయిలు, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు దూడ ఒంటికి పూయవద్దు. దూడ నాకుతుంది. తామరతో చావని దూడ పురుగుమందుతో చస్తుంది.

తగిరిస ఆకు, సీమ అవిసె ఆకు నూరి పూయడం పాత వైద్యం. తగిరిసకు సంస్కృతంలో దద్రుఘ్న అని పేరు. తామరను చంపేదని అర్థం. వీటి ఆకుల్లో బూజును అణిచే గుణం ఉన్నమాట నిజమే. చిన్న మచ్చకు కొంత పనిచేయవచ్చు. కొందరికి చర్మం పొక్కుతుంది. పాకిన తామరకు, తలమీది తామరకు ఆకుపసరు నమ్ముకుని నెలలు పోగొట్టుకోవద్దు.

కొట్టంలో దాక్కున్న విత్తనం

దూడకు తగ్గినా బూజు విత్తనాలు గుంజల్లో, గాడి చెక్కల్లో, పలుపుల్లో నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. వచ్చే చలికాలం పుట్టే దూడకు అవే అంటుకుంటాయి. కాబట్టి గొడ్లను బయటకు తోలి, కొట్టాన్ని అడుగువరకు ఊడ్చి, గుంజలను, గాడిని గీకి కడగాలి. పేడ, మట్టి ఉండగా ఏ మందు చల్లినా దండగ. ఆ తర్వాత 10 లీటర్ల నీళ్ళకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చి, గుంజలు, గోడలు, నేల తడిసేటట్టు చల్లాలి. దీంట్లో ఫినాయిలు గానీ, యాసిడ్ గానీ కలపవద్దు. విషవాయువు పుడుతుంది. బాగా ఆరి, వాసన పోయాకనే గొడ్లను కట్టాలి. గోడలకు సున్నం కొట్టాలి. పాత పలుపులు, ముకుతాళ్ళు కాల్చేసి కొత్తవి వేయడమే మేలు. ఒకటి రెండు చొప్పకప్పు పలకలు తీసి ఎండ లోపలికి పడనివ్వండి. ఎండ మనకు కొరవ లేదు గదా!

పట్టుబట్టి చేస్తే తామరను పల్లెలనుంచే తరమవచ్చు. నార్వే దేశంలో 1980 ప్రాంతం నుంచి దూడలకు తామర టీకా వేస్తూ, కొట్టాలు శుభ్రం చేస్తూ పోయారు. ఒకప్పుడు మందలకు మందలే తామరతో ఉన్న చోట అది అరుదైపోయింది.

ఇంట్లో చేయవలసింది

దూడకు మందు మొదలుపెట్టిన రోజే ఇంట్లో మచ్చ ఉన్న ప్రతి ఒక్కరికీ మొదలుపెట్టాలి. ఒకరు వాడి ఇంకొకరు వాడకపోతే రోగం చేతులు మారుతూనే ఉంటుంది.

తువ్వాలు, దువ్వెన, సబ్బు ఎవరివి వాళ్ళకు ఉండాలి. మచ్చ ఉన్నవాళ్ళ బట్టలు వేరుగా, వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. పొలంనుంచి రాగానే స్నానం చేసి, మడతలు పొడిగా తుడుచుకుని, ఆరిన బట్టలే కట్టుకోవాలి. నడుం చుట్టూ తామర ఉన్నవాళ్ళు మొలతాడు తీసేయాలి. చెమట పీల్చి ఎప్పుడూ తడిగా ఉండే ఆ దారంలోనే బూజు కాపురముంటుంది. తీయడం ఇష్టం లేకపోతే తగ్గేవరకన్నా తీసి, తర్వాత కొత్తది కట్టుకోండి. గొడ్డును ముట్టుకున్న ప్రతిసారీ మోచేతులదాకా సబ్బుతో కడుక్కోవాలి. తగ్గేవరకు దూడ పని పిల్లలకు చెప్పవద్దు.

పాల సంగతి అడిగేవాళ్ళుంటారు. తామర పాల ద్వారా రాదు, ఒళ్ళు తగిలితేనే వస్తుంది. పాలు ఎప్పటిలాగే కాచి తాగండి. పొదుగు మీద మచ్చలుంటే మాత్రం పూతమందు సంగతి పశువైద్యుణ్ణి అడిగి, పితికేముందు పొదుగు కడగండి. గొడ్డును ఆసుపత్రికి తోలుకుపోలేనివాళ్ళు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఆరు వారాల లెక్క

మొదటి రోజు: దూడను వేరు చేయడం, ఇంటివాళ్ళందరి ఒళ్ళు చూసుకోవడం, స్టెరాయిడ్ ట్యూబుల సంగతి డాక్టరుతో చెప్పడం.

మొదటి వారం: కొట్టం కడగడం, పలుపులు మార్చడం, మందులు మొదలుపెట్టడం.

రెండో వారం: తగ్గుతోందా లేదా చూడడం. తగ్గకపోతే ఆసుపత్రి.

నాలుగో వారం: కొట్టంలో రెండోసారి బ్లీచింగ్. దురద పోయినా మందు ఆపకుండా డాక్టరు చెప్పినదాకా వాడడం.

ఆరో వారం: దూడ ఒంటిమీద కొత్త వెంట్రుకలు, ఇంటివాళ్ళ ఒంటిమీద అంచులేని చర్మం కనిపించాలి. అప్పుడే దూడను మిగతా వాటితో కలపండి.

ఒక గోనెసంచి ఉల్లి అమ్మిన డబ్బులు ట్యూబులకు పోసేకంటే, ఒక్కపూట కొట్టం కడిగి, ఒక్కరోజు కర్నూలు పోయి రావడం అగ్గువ. ఈ చలికాలం దూడను వసారాలో కట్టేముందు దాని కంటి చుట్టూ, చెవుల వెనక ఒకసారి వేలు పెట్టి చూడండి. పెచ్చు తగిలితే ఆ రోజే పని మొదలుపెట్టండి.